బాదం చెట్టుకు ఐసు మోసిన చలికాలం

పోయిన వారం ఓబులన్న మా ఇంటికి వచ్చాడు. కడప వైపు నుంచి జగిత్యాల దాకా రెండు బస్సులు, ఒక రైలు మారి, భుజాన ఒక మూట వేరుశనక్కాయలు మోసుకుని వచ్చాడు. ఆయన పొట్ట మా గుమ్మంలోకి పొద్దున తొమ్మిదింటికి వచ్చింది, మిగతా మనిషి తొమ్మిదీ అయిదుకు వచ్చాడు. కుర్చీలో కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి, "మన ఇల్లు పడగొట్టినారంట మల్లేశూ" అన్నాడు. మా ఆవిడ కంగారుగా వంటింట్లోంచి తొంగి చూసింది. ఆయనకు ఊళ్ళో మూడు గదుల మిద్దె ఉంది, నాకు ఇక్కడ రెండు గదుల పెంకుటిల్లు ఉంది, రెండూ నిలబడే ఉన్నాయి. కానీ ఏ ఇల్లని నేను అడగలేదు. పాతికేళ్ళు దాటినా మా ఇద్దరికీ మన ఇల్లంటే దోహాలో, అల్ దోహా అల్ జదీదాలో, టైలర్ దుకాణాల వెనకాల సందులో ఉండిన ఆ ఎత్తు గోడల ఇల్లే. అందులో మేము నౌకర్లం.

ఓబులన్న ఆ ఇంటి డ్రైవర్. నేను వీసా కాగితం మీద హౌస్ బాయ్‌ని. అసలు లెక్కలో తోటమాలిని, చాకలిని, కూరగాయలు తెచ్చేవాణ్ని, ఫోనెత్తి "మాఫీ", అంటే అరబ్బీలో ఇంట్ల లేరు అని చెప్పేవాణ్ని. తొంభైల నడిమి సంవత్సరాలు, నాకు ఇరవై ఆరేళ్ళు. ఊళ్ళో మా అమ్మ ఎవరడిగినా "మావోడు దుబాయ్ పోయిండు" అనేది. ఇది దుబాయ్ కాదమ్మా, కతర్ అని నేను ఉత్తరం రాస్తే, "ఆ కతరు దుబాయ్‌ల ఏ వాడకట్టు బిడ్డా" అని జవాబు రాయించింది.

ఇంటాయన లెబనాన్ మనిషి. అందరూ అబూ నబీల్ అనేవారు, అంటే నబీల్ తండ్రి. ఆ నబీల్‌ను నేనెప్పుడూ చూడలేదు. రియాద్‌లో ఉద్యోగమట, ఏడాదికొకసారి వచ్చే ఫోటోలో మాత్రం కాస్త కాస్త లావయ్యేవాడు. మేము ఇంటాయనను ఉస్తాద్ అనేవాళ్ళం. దోహా రోడ్లకూ కాలువలకూ నక్షాలు గీసి గీసి అరవై దాటినా, ఇంట్లో ఏటవాలు బల్ల ఒకటి వేసుకుని గీస్తూనే ఉండేవాడు. ఆయన మీసం ఒక్కో కొస మీద ఒక్కో పిచ్చుక హాయిగా కాపురం పెట్టవచ్చు. ఆయన గీసిన గీత ఎంత సన్నమంటే, వెంట్రుకకు సిగ్గు పుట్టేది. నాతో ఆయన మాట్లాడింది సైట్లలో పట్టుకున్న ఉర్దూ. అందులో సగం అరబ్బీ, పావు ఇంగ్లీషు, మిగిలిన పావు చేతులు. నేను నిజామాబాదు బస్సుల్లో నేర్చిన ఉర్దూలో జవాబిచ్చేవాణ్ని. ఆ గందరగోళంలోంచి ఇద్దరమూ తేల్చుకున్నదాన్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. నన్ను పూర్తి పేరుతో పిలవడం ఆయనకు చేతకాక మాలేష్ అనేవాడు. అరబ్బీలో ఆ మాటకు పోనీలే అని అర్థమట. ఆ ఇంట్లో నన్ను ఎవరు ఎందుకు పిలిచినా ముందే క్షమించేసినట్టు ఉండేది.

పొద్దున్నే ఆ ఇంట్లో మొదట లేచేది వాసన. ఉస్తాద్ భార్య ఉమ్ నబీల్, మేమిద్దరం అమ్మ అనే అర్థంలో మామా అనేవాళ్ళం, ఏలకులు దంచి కాఫీ మరిగించేది. ఆ కాఫీ ఒక్క గుక్క తాగితే, రేపు జరగబోయేవి కూడా గుర్తొచ్చేవి. తర్వాత రొట్టె మీద కొండతులసి లాంటి ఒక ఆకు పొడి, నువ్వులు, ఆలివ్ నూనె కలిపి పూసి కాల్చేది. మనం కారప్పొడిలో నూనె కలిపినట్టే, కాకపోతే కారం లేదు. నేను వచ్చిన వారానికి నా వాటా రొట్టె మీద మా అమ్మ పంపిన ఎల్లిపాయ కారం చల్లుకున్నాను. మామా అది చూసి, ఒక ముక్క రుచి చూసి, ఆ పూటంతా మంచినీళ్ళ కూజాను చంకలోంచి దించలేదు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. మెట్లు ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టునూ ఒక్కో పేరు పెట్టి తిట్టేది. సాయంత్రం కూజా నీళ్ళలో రెండు చుక్కలు నారింజ పువ్వుల అత్తరు వేసేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నా చేతులు వాటంతట అవే ఇస్త్రీపెట్టె కోసం వెతుకుతాయి.

నేను ఏ సంగతైనా పెంచి చెబుతానని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కూరగాయల మార్కెట్లో కనబడిన తేలుకు, నేను ఇంటికొచ్చి చెప్పేసరికి మీసాలు మొలిచేవి. ఓబులన్న అసలు నమ్మేవాడు కాదు. ఉస్తాద్ మాత్రం ఓపికగా విని, "నాలుగుతో భాగించాను, మాలేష్. ఇక చెప్పు" అనేవాడు.

ఆ ఇంటి వాకిట్లో, ఉత్తరం మూలన, గోడ నీడలో ఒక చెట్టు ఉండేది. నా భుజం ఎత్తు. బాదం చెట్టు అని చెప్పినప్పుడు నేను నవ్వాను. మా బడి ముందర విస్తరాకంత ఆకులతో ఉండే బాదం చెట్టుకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఇది సన్నటి ఆకుల, సన్నటి కొమ్మల బక్క ప్రాణి. ఉస్తాద్ సొంతూరు లెబనాన్ కొండల మీద. వాళ్ళ నాన్న కొండను మెట్లుమెట్లుగా చెక్కి బాదం తోట వేశాడట. యుద్ధంలో ఊరు ఊరంతా చెదిరిపోయింది. తర్వాత ఎవరో చుట్టం ఆ తోటలో రాలిన కాయలు పది ఏరి, కోటు జేబులో వేసుకుని దోహా తెచ్చి ఇచ్చాడు. ఉస్తాద్ పదింటినీ నూనె డబ్బాల్లో నాటితే తొమ్మిది మొలవలేదు. మొలిచింది ఇదొక్కటే.

బాదం పూయాలంటే చలి కావాలట. నెలా రెండు నెలలు చెట్టు వణకాలి, అప్పుడే అది పూతకు వస్తుంది. దోహాలో చలి అంటే బనీను మీద చొక్కా వేసుకోవడం. అందుకని ఉస్తాద్ చెట్టును మోసం చెయ్యడానికి ఒక పథకం వేశాడు. చలికాలం మొదలైన రోజు నుంచి ప్రతి సాయంత్రమూ నేనూ ఓబులన్నా కారేసుకుని చేపల మార్కెట్‌కు పోయి, నాలుగు సంచుల ఐసు తెచ్చి, చెట్టు మొదలు చుట్టూ అరడుగు మందాన పరిచేవాళ్ళం. ఒక్కో సంచి ఈనడానికి సిద్ధంగా ఉన్న బర్రె అంత బరువు. అది చేపల మీద చల్లగా మిగిలిన ఐసు. మా చెట్టు తన జన్మభూమి కొండలని నమ్మిందో లేదో గానీ, దోహాలో ఉన్న పిల్లులన్నీ దాన్ని సముద్రమని నమ్మి మా గోడ మీద బారులు తీరేవి.

"ఏమప్పా, నాకు తెలీక అడుగుతా" అన్నాడు ఓబులన్న ఒకరోజు, కారు డిక్కీ కడుగుతూ. "మా సీమలో చెట్లకు నీళ్ళు లేక సస్తాంటే, ఈయప్ప ఐసు పెట్టి పెంచుతాండాడు. రేపు మామా పెండ్లికి పోవాల. పట్టుచీర కట్టిన సొరచేప మాదిరి దిగుతాది కార్లోంచి."

"నువ్వు అత్తరు కొట్టరాదన్నా."

"అత్తరు కొడితే ఏమైతాది? సొరచేప అత్తరు పూసుకున్నట్టు ఉంటాది."

మేము నవ్వుకున్నాం. ఆ ఏడు ఐసు మోయించడానికి ఉస్తాద్‌కు ఎందుకంత తొందరో మాకు తెలియదు. ఆయన చూపు పోతోంది. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వచ్చే జబ్బు, మా వైపు నీటికాసులంటారు. అప్పటికే ఆయన లోకాన్ని గొట్టంలోంచి చూస్తున్నట్టు చూస్తున్నాడు. మహా అయితే ఈ ఒక్క చలికాలమే అని డాక్టర్ చెప్పాడు. ఆ లోపల ఒక్కసారి బాదం పూత చూడాలి, ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే. సొంతూరికి దారులు తెరుచుకున్నాయి, తమ్ముడు సలీం తిరిగిపోయి అక్కడే ఉంటున్నాడు. పోదాం పదమని మామా రోజూ పోరేది. ఆయన పోనన్నాడు. యుద్ధంలో తోటను నరికేశారని గాలిమాట ఒకటి దోహా దాకా వచ్చింది. "నరికిన తోట చూడ్డానికి కళ్ళెందుకు" అనేవాడు. ఇవన్నీ ఆ మొగుడూ పెళ్ళాలకే తెలుసు. నాకు తెలిసిందల్లా ఉస్తాద్ పూత కోసం కాచుకున్నాడనీ, రోజూ పొద్దున్నే కొమ్మకు ముక్కు ఆనించి కణుపు కణుపూ చూస్తున్నాడనీ. అంత దగ్గరికి పోయి ఎందుకు చూస్తాడో అడగాలని నాకు తోచలేదు. ముసలివాళ్ళ అలవాటు అనుకున్నాను.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన జగిత్యాల పక్కన మామిడి తోటలకు కావలి. ఆయన చూపుడువేలు, బొటనవేలు గోళ్ళు ఎప్పుడూ నల్లగా, జిగురుగా ఉండేవి. అంటు నాటిన మొదటి మూడేళ్ళు పూత వస్తే, దాన్ని గిల్లి పారెయ్యాలి. లేకపోతే లేత కొమ్మ కాయను మోయలేక, ఎదుగుదల ఆగి, చెట్టు జన్మంతా గిడసబారిపోతుంది. "తొలిపూత దొంగది రా కొడుకా" అనేవాడు. "ఆశ పెట్టి పానం గుంజుతది. మూడేండ్లు గిల్లు, ముప్పై ఏండ్లు తిను." నేను నడక నేర్చింది గిల్లడానికే. మా ఈడు పిల్లలు గోళీలాడుతుంటే నేను నిచ్చెన మీద నిలబడి పూత గిల్లేవాణ్ని. లక్ష గిల్లాననుకోండి. సరే, నాలుగుతో భాగించండి.

జనవరిలో ఉస్తాద్‌ను కంటి ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో చేర్చారు. మూడు రోజులు. ముసలితనపు పొర తీయిస్తున్నారనుకున్నాను. అసలది చూపు తిరిగి రావడానికి కాదు, ఉన్నది త్వరగా పోకుండా. మామా ఆయన దగ్గరే ఉంది. రెండో రోజు పొద్దున నేను వాకిలి ఊడుస్తూ చూస్తే, ఒక్క ఆకు లేని ఆ బక్క కొమ్మల చివర మొగ్గలు విచ్చుకుని ఉన్నాయి. పదకొండు. కొన్ని పూర్తిగా, కొన్ని సగం. నిజంగా పదకొండే, వీటిని భాగించనక్కర్లేదు. నేను చీపురు పట్టుకుని చాలాసేపు చూశాను. ఎంత సంతోషం కలిగిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. చెట్టు మోసపోయింది, పూసింది. మరి చెట్టు వయసెంత? మూడేళ్ళు, అదీ దోహా ఎండలో పెరిగిన మూడేళ్ళు. కొమ్మ నా చిటికెన వేలంత లేదు. ఉస్తాద్ నక్షాలు గీసేవాడు, ఆయనకు కొమ్మ సంగతేం తెలుసు అనుకున్నాను. ఈ పదకొండూ పోతే వచ్చే ఏడు నూటపది వస్తాయి, ఉస్తాద్ అప్పుడు చూస్తాడు. తోట కావలివాడి కొడుక్కి వచ్చే ఏడు అనేది ఎప్పుడూ ఉంటుంది. వచ్చే ఏడు లేని మనిషి ఒకడు ఉంటాడని వాడి బుర్రకు తట్టదు. చీపురు గోడకు ఆనించి, చేతులు కడుక్కుని, దేవుడి పని చేస్తున్నంత భక్తిగా పదకొండు పువ్వులూ గిల్లేశాను.

మామాకు మారు బట్టలు తీసుకుపోవడానికి ఓబులన్న వచ్చేసరికి నేను గిల్లినవి చెత్తచేటలో పోస్తున్నాను.

"ఏం మల్లేశూ, అవేమి?"

"పూతన్నా. తొలిపూత వచ్చింది. గిల్లేసిన. చెట్టు బలుస్తది."

ఓబులన్న చేటలోకి చూశాడు. చెట్టును చూశాడు. బట్టల సంచి నెమ్మదిగా కింద పెట్టాడు. "ఎంత పని చేస్తివి అబ్బీ" అన్నాడు. ఆస్పత్రి వరండాలో డాక్టరూ మామా మాట్లాడుకున్న మాటలు ఆయన చెవిన పడ్డాయట. అక్కడే నిలబడి ఒక్కొక్కటీ చెప్పాడు. చూపు సంగతి, మిగిలిన ఒక్క చలికాలం సంగతి, బాదం పూత సంగతి. నేను చేటలోంచి పువ్వులు ఏరడం మొదలుపెట్టాను. నలగనివి మూడు దొరికాయి. కాఫీ కప్పులో నీళ్ళు పోసి అందులో వేశాను.

"జిగురు పెట్టి అతికిద్దామా?" అన్నాడు ఓబులన్న. ఆయన నవ్వడానికి అనలేదు. కాసేపాగి, "పిల్లులు తినేసినాయని చెప్దాం. దోహాలో ఉండే పిల్లులన్నీ మన గోడ మీదనే ఉండాయి గదా. ఎవురైనా నమ్ముతారు" అన్నాడు.

అబద్ధమాడటానికి నాకు మొదటిసారి నోరు పెగలని రోజు అదే. మర్నాడు ఉస్తాద్ వచ్చేసరికి ఆ పొడి గాలికి కప్పులోని మూడు పువ్వులూ రేకలు రాల్చేశాయి. ఆయన ఒక కంటికి కట్టుతో, వాకిట్లో ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. నేను ఎదురుగా నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన లేచి చెట్టు దగ్గరికి వెళ్ళాడు. కొమ్మల చివరలను వేళ్ళతో తడుముతూ, గిల్లిన చోటల్లా ఆగి, ఒక్కో గాయాన్నీ లెక్కపెట్టాడు. పదకొండో దాని దగ్గర చెయ్యి ఆపి, "ఎవరు నేర్పారు?" అన్నాడు.

"మా నాయిన."

"మా నాన్న కూడా నా చేత గిల్లించేవాడు. బాదానికీ అంతే. చెట్టుకు నువ్వు మంచే చేశావు." అని లోపలికి వెళ్ళిపోయాడు. మూడు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. మామా నాకు కాఫీ ఇస్తూ, "తిట్టమని చెప్పాను, తిట్టడం లేదు. నన్నేం చెయ్యమంటావు" అంది. నేను ఆ మూడు రోజులూ ఇస్త్రీ చేశాను. ఇంట్లో ఇస్త్రీ చెయ్యడానికేమీ మిగలక చివరికి గిన్నెలు తుడిచే గుడ్డలు కూడా మడతలు పెట్టి ఇస్త్రీ చేశాను.

నాలుగో రోజు పొద్దున ఉస్తాద్ నన్ను పిలిచాడు. "యల్లా, పాస్‌పోర్టు తీసుకురా. ఊరికి పోతున్నాం. నువ్వూ వస్తున్నావు."

"నేనెందుకు ఉస్తాద్?"

"నా పువ్వులు నువ్వు చూశావు. నేను చూడలేదు. బాకీ తీర్చు."

అలా మా వాడకట్టులో ఎవరూ పేరైనా వినని దేశానికి నేను ఫిబ్రవరిలో పోయాను. విమానాశ్రయానికి సలీం వచ్చాడు. ఉస్తాద్ కంటే పదేళ్ళు చిన్న, కానీ అన్నకంటే పదేళ్ళు పెద్దగా కనబడ్డాడు. అన్నదమ్ములు కౌగిలించుకుని ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు గానీ, సలీం అన్న ముఖంలోకి చూడలేదు. అతని కారుకు ఒకవైపు తలుపు మూసుకోదు, ఆ వైపు కూర్చున్నవాడే దాన్ని కొండపైదాకా పట్టుకోవాలి. ఆ వైపు నన్ను కూర్చోబెట్టారు. మలుపు తిరిగినప్పుడల్లా నేను సగం లెబనాన్‌లో, సగం గాలిలో ఉన్నాను. కింద నీలంగా సముద్రం, పైన దూరపు శిఖరాల మీద తెల్లగా మంచు. చేపల వాసన లేని ఐసును చూడటం అదే మొదలు.

సలీం ఇల్లు కొండ వాలులో, తోటకు దిగువన. మామా మోకాళ్ళు ఆ రాతిమెట్లను చూడగానే మొరాయించాయి. ఆమె ఇంటి దగ్గరే ఆగింది. మేము ముగ్గురం ఎక్కాం. ముందు నేను, నా భుజం మీద చెయ్యేసి ఉస్తాద్, వెనక సలీం. మెట్టు మెట్టుకీ నడుమెత్తు రాతి గోడ, గోడకూ గోడకూ మధ్య ఎర్రమట్టి. ఎండ ఉంది గానీ గాలి చెవులు కోస్తోంది. మొదట నాకు తోట కనబడలేదు. రాళ్ళు, ఎండుగడ్డి, మోకాలెత్తున నరికిన నల్లటి మొదళ్ళు. తర్వాత నిదానంగా చూస్తే, కింది మెట్ల మీద, ఎండ బాగా తగిలే చోట, అక్కడొకటీ ఇక్కడొకటీ చెట్లు పూసి ఉన్నాయి.

మా వైపు మోదుగ చెట్టు ఉన్న ఆకులన్నీ రాల్చేసి నిలువెల్లా పూస్తుంది. అది మంట. ఇది అలా కాదు. ఒక్క ఆకు లేదు, కొమ్మ నల్లగా తడిసిన కట్టెలా ఉంది, దాన్ని పట్టుకుని పాలు విరిగినట్టు పువ్వులు. దగ్గరికి పోతే సన్నగా తేనె వాసన, వెనకాలే కాస్త చేదు. చలికి జనం ఇళ్ళల్లోంచి బయటికి రావడం లేదు గానీ తేనెటీగలు వచ్చాయి. చెట్టు మొత్తం మరిగే ఎసరులా సన్నగా రొద చేస్తోంది. పెద్దవాళ్ళు ఇంకా నిద్ర లేవకముందే లేచి వాకిట్లో నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి ఆ చెట్లు. మిగతా కొండంతా బోడిగా ఉంది.

ఉస్తాద్ ఆగాడు. "నాకు చేతి గాజంత జాగానే కనబడుతుంది, మాలేష్. కొండ కనబడదు. కొండ నువ్వు చెప్పు. ఎన్ని చెట్లున్నాయి? ఈ రోజు నేను నాలుగుతో భాగించను."

ఆయన వెనకనుంచి సలీం నన్నే చూస్తున్నాడు. గుండె మీద చెయ్యేసుకుని, రెండో చెయ్యి గాలిలో పెద్దగా చుట్టి చూపించాడు. ఎక్కువ చెప్పు, చాలా చెప్పు, అని. నా జన్మలో పెంచి చెప్పమని నన్ను బతిమాలిన మనిషి అతనొక్కడే. చెప్పడం నాకెంత పని? కొండ పొడుగునా పూయించగలను. కానీ భుజం మీది చెయ్యి బరువుగా ఉంది.

"తొమ్మిది పూసినయి ఉస్తాద్" అన్నాను.

"మిగతావి?"

"మొదళ్ళున్నయి."

"ఎన్ని?"

ఆయనను గోడ మీద కూర్చోబెట్టి, నేను మెట్టు మెట్టుకీ ఎక్కి దిగి లెక్కపెట్టాను. తప్పిందేమోనని రెండోసారి కూడా లెక్కపెట్టాను. వచ్చి, "యాభై రెండు" అన్నాను. ఆయన పెదాలు కదిపి కూడుకున్నాడు. "అరవై ఒకటి. సరే. నాన్న నాటినవన్నీ లెక్కకు వచ్చాయి."

సలీం అక్కడే మట్టిలో చతికిలబడ్డాడు. అతను అరబ్బీలో చెప్పినది నాకు ముక్కలు ముక్కలుగానే అర్థమైంది, పూర్తిగా తర్వాత మామా చెప్పింది. తోటను శత్రువులెవరూ నరకలేదు. ఊరు ఖాళీ కాకముందు ఆ ఆఖరి చలికాలం దారులు మూసుకుపోయాయి, కిరసనాయిలు లేదు, ఇంట్లో పసిపిల్లలతో కలిపి పదిమంది. రోజుకొక చెట్టు చొప్పున సలీమే నరికాడు. ఆ మాట అన్నకు రాయలేకపోయాడు.

ఉస్తాద్ తను కూర్చున్న గోడ రాళ్ళను వేళ్ళతో తడిమాడు. తర్వాత తమ్ముణ్ని అడిగాడు, "బాగా మండిందా?"

"మండింది."

"బాదం కట్టె కదా" అన్నాడు ఉస్తాద్. "పిల్లలు?"

"అందరూ బతికారు."

ఆయన తలూపి నా వైపు చెయ్యి చాచాడు. నేను ఆయనను దగ్గరలో ఉన్న చెట్టు కిందికి తీసుకుపోయి, ఒక కొమ్మ వంచి పట్టుకున్నాను. ఆయన కంటిని ఒక పువ్వు ముందుకు తెచ్చుకుని, కాస్త ముందుకూ వెనక్కీ జరిపి, ఆ గొట్టంలో దాన్ని సరిగ్గా నిలబెట్టుకున్నాడు. నాకు చేతులు నొప్పి పుట్టాయి. కొమ్మ కదపలేదు.

"ఇన్నేళ్ళూ తెలుపనుకున్నాను" అన్నాడు చివరికి. "లోపల ఎరుపుంది. చూడు, ఉందా?"

"ఉంది ఉస్తాద్. అడుగున, గోరంత."

"నీ గోరా, నిజం గోరా?"

"నిజం గోట్ల సగం."

"అదే. నేను తప్పుగా గుర్తుపెట్టుకున్నాను" అని ఆయన మళ్ళీ చూశాడు.

ఇప్పుడు ఫిబ్రవరి వస్తే మా మేనకోడలు ప్రపంచంలో ఎక్కడెక్కడి చెట్లో పూసిన ఫోటోలు నా ఫోనుకు పంపుతుంది. వేలితో తోస్తే ఒక తోట పోయి ఇంకో తోట వస్తుంది. ఒక్కోటి నా కళ్ళ ముందు ఎంతసేపుంటుందో నాకే తెలియదు. రంగు చెప్పమంటే చెప్పలేను. ఆ కాలంలో ఒక పువ్వు కోసం మేము నెలల తరబడి ఐసు మోశాం, సముద్రాలు దాటాం, ఒక మనిషి తన చూపులో మిగిలిందంతా తెచ్చి దాని ముందు పెట్టాడు. ఉస్తాద్ మళ్ళీ దోహా రాలేదు. తమ్ముడి దగ్గరే ఉండిపోయాడు, తర్వాతి చలికాలానికి చూపు పూర్తిగా పోయింది. నేను తిరిగొచ్చి ఇంకో ఇంట్లో డ్యూటీకి చేరాను. పాత ఇంట్లో వేరేవాళ్ళు దిగారు. ఉత్తరం మూలన ఉన్న చెట్టు ఏమైందో నాకు తెలియదు, ఆ సందు వైపు పోవడం మానేశాను. ఓబులన్నను మొన్న అడిగితే ఆయనా పోలేదన్నాడు.

ఆ రోజు కొండ దిగేటప్పుడు ఉస్తాద్ రెండు కళ్ళూ మూసుకున్నాడు. నొప్పి పుట్టిందేమోనని సలీం కంగారుపడ్డాడు. "నొప్పి లేదు" అన్నాడు ఉస్తాద్. "ఇక ఏదీ చూడను. చివర చూసింది అదే కావాలి." చెప్పి చూశాం, వినలేదు. నేను ముందు, ఆయన చెయ్యి నా భుజం మీద, ఒక్కో రాతిమెట్టునూ పాదంతో వెతుక్కుంటూ, మూసిన కళ్ళతో కొండ మొత్తం దిగాడు.

ఇంటి ముందు మామా కుర్చీలో కూర్చుని ఉంది, పక్కన పళ్ళెంలో కాఫీ. మమ్మల్ని అలా చూసి ఏమైందని అడిగింది. నేను చెప్పాను. ఆమె కాఫీ పళ్ళెం పక్కకు జరిపింది. తర్వాత రెండు మోకాళ్ళనూ పేరు పెట్టి తిట్టుకుంటూ లేచి, ఆయన ఎదుటికి వచ్చి నిలబడింది.

"నలభై ఏళ్ళు నీకు కాఫీ పెట్టిన ముఖమిది" అంది. "దీన్నేం చెయ్యమంటావు?"

ఉస్తాద్ మీసం కదిలింది. ఆయన కళ్ళు తెరిచాడు. ఆమె ముఖాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని, బాగా దగ్గరికి వంగి, నుదుటి దగ్గర మొదలుపెట్టాడు. నేనూ సలీమూ గోడ వైపు తిరిగి నిలబడ్డాం. ఆమె ముఖం పెద్దది, ఆయనకు మిగిలిన చూపు చిన్నది. చాలాసేపు పట్టింది.